మాస్టారి యాకిసోబా

స్క్విడ్ చెక్క మీద నిలవడం లేదు. తడిసిన శాటిన్ గుడ్డలా ఎటు పట్టుకుంటే అటు జారుతోంది, కత్తి ఆనించేలోగా ముడుచుకుపోతోంది. కోయడం ఎంత పని, కోయడమే కదా జీవితమంతా చేసింది, పట్టుకోవడంతోనే వచ్చింది చిక్కంతా. మాస్టారు ఎడమచేతి వైపు చూసుకున్నాడు. చూసుకోవాలి మరి, చూడకపోతే అది ఎక్కడుందో, ఏం చేస్తోందో తెలియదు. ఆ చేతికి ఇంట్లో అల్లుడుగారు అని పేరు. పెట్టింది అతనే, ఆసుపత్రి నుంచి వచ్చిన కొత్తలో, కళ్ళు తుడుచుకుంటున్న భార్యని నవ్వించడానికి: ఏ పనీ చెయ్యడు, పక్కనే కూర్చుంటాడు, అన్నీ అమర్చిపెట్టాలి, పైగా ఏమీ అనకూడదు. ఆమె నవ్వింది, నవ్వి మళ్ళీ ఏడ్చింది. ఇప్పుడు అల్లుడుగారు కాస్త దారికి వచ్చాడు, లెమ్మంటే లేస్తాడు, దేన్నయినా అదిమి పట్టుకోమంటే పట్టుకుంటాడు, కానీ వేడిగా ఉందా, చల్లగా ఉందా, కాలిందా, తెగిందా అంటే మాత్రం నోరు విప్పడు. ఫిజియోథెరపీ అమ్మాయి మరీ మరీ చెప్పింది, చెయ్యి చెప్పదు మాస్టారూ, మీరే చూసి తెలుసుకోవాలి అని. అందుకని చూస్తున్నాడు. చూస్తూ, తడిగుడ్డ ఒకటి స్క్విడ్ మీద వేసి, దాని మీద ఆ అరచేతిని ఎత్తి పెట్టి, ఇక కదలకు నాయనా పుణ్యముంటుంది అన్నాడు. కదల్లేదు. స్క్విడ్ కూడా కదల్లేదు. హమ్మయ్య.

కత్తి కాదు, కత్తెర. ఇంతసేపూ ఈ బుద్ధి ఏమైంది? సొరుగులోంచి పాత కత్తెర తీశాడు, తను కటింగ్ మాస్టరుగా చేసిన బట్టల వర్క్‌షాపులో మూలపడితే ఇంటికి తెచ్చుకున్నది, పిడి అతని బొటనవేలి ఆకారానికి అరిగిపోయింది. కత్తెర లోపలికి దూరగానే స్క్విడ్ గొట్టం ఒక్క ఊపులో పొడుగునా విచ్చుకుంది. ఇప్పుడు దాని మీద ఏటవాలుగా గీతలు, లోపలి వైపు, లోతుగా కాదు, సగం మందం, ఇటు నుంచి కొన్ని, అటు నుంచి కొన్ని. ఏటవాలుగా కోస్తే గుడ్డయినా మాంసమయినా లాగినట్టు సాగుతుంది, మెత్తగా ఉంటుంది. ఈ మాట చెప్పడానికి హాలు వైపు తిరిగి నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు. జవాబు రాదు. ఆమె ఒట్టు పెట్టుకుని కూర్చుంది. వంట అయ్యేదాకా వంటింటి గడప తొక్కను, ఒక్క ముక్క మాట్లాడను, ఏం పడినా, ఏం పగిలినా. మంటలు లేచినా? అని అడిగాడు పొద్దున. మంటలు లేస్తే నువ్వే అరుస్తావుగా, అప్పుడు చూద్దాం, అంది. హాల్లోంచి రేడియో చిన్నగా వినిపిస్తోంది, ఎవరో ఎవరినో మొక్కల గురించి ఏదో అడుగుతున్నారు. కుర్చీ కిర్రుమంది. కూర్చో తల్లీ, కూర్చో, లేవకు.

రేపు పొద్దున ఆమె డిపోకి వెళ్ళి ఏదో ఒకటి తేల్చి చెప్పాలి. సెలవు ఇక పొడిగించడం కుదరదన్నారు. బస్సు ఎక్కుతుందా, మానేస్తుందా, అంతే, మధ్యేమార్గం లేదు. డ్రైవరు డ్యూటీ అంటే పొద్దున వెళ్ళి సాయంత్రానికి రావడం, మధ్యలో ఫోనెత్తడానికి కూడా వీల్లేదు. ఆ పొడుగాటి పగలంతా మాస్టారు ఒక్కడే ఇంట్లో ఉండగలడా? ఉండగలడు అనుకున్నారు ఇద్దరూ, మొన్నటిదాకా, ఆమె డ్యూటీ చొక్కా ఇస్త్రీ కూడా చేయించి పెట్టుకుంది. ఆ తర్వాత ఒక పొద్దున అతను టీ కాచుకుని, పేపరు చదువుకుంటూ, అల్లుడుగారిని కాగే గిన్నెకి ఆనించి ఉంచాడు. ఎంతసేపు ఉంచాడో అతనికే తెలియదు. మార్కెట్ నుంచి వచ్చిన ఆమె ఆ బొబ్బ చూసి చేతిలో సంచీ అక్కడే వదిలేసింది, టమాటాలు మంచం కిందికి దొర్లాయి. నొప్పి లేదే, నిజంగా లేదు, అన్నాడు అతను, ధైర్యం చెప్పడానికి. అదే కదా నా ఏడుపు, అంది ఆమె. ఆనాటి నుంచి ఆమె అతన్ని ఒక్కణ్ణే వదిలి వీధి చివరి కొట్టుకి కూడా వెళ్ళడం లేదు. అందుకే ఈ పందెం. నిప్పు మీద, నూనెతో, పెద్ద మంటతో, మొదటి నుంచి చివరిదాకా ఒక పూట భోజనం తనొక్కడే వండి చూపిస్తానన్నాడు. ఏం వండుతావు, ఉప్మానా? అంది వెటకారంగా. కాదు, యాకిసోబా అన్నాడు, జపాను వాళ్ళ నూడుల్స్ వేపుడు, రొయ్యలూ స్క్విడ్డూ వేసి. సరే కానీ, అంది ఆమె.

రొయ్యల వీపులు కూడా కత్తెరతోనే చీల్చాడు, ఒక్కొక్కదానిలోంచి నల్లదారం లాగి పారేస్తూ. కిందనుంచి బస్సు వెళ్ళిన చప్పుడు. ఏ రూటో ఆమెకి తెలుస్తుంది, ఇంజను విని చెప్పేస్తుంది, ఇది పాత బండి, గేరు పడటం లేదు పాపం, క్లచ్చు అరిగిపోయింది, ఎవరికీ పట్టదు. అన్నం కలుపుతూ ఆగి మరీ వింటుంది. అలా విన్నప్పుడల్లా మాస్టారు తినడం ఆపి ఆమెనే చూస్తాడు. అంత పెద్ద బండిని ఇరుకు సందుల్లోంచి గోడకి గీత పడకుండా లాక్కొచ్చే మనిషి, మొగుడి చొక్కా గుండీలు పెడుతూ, అతను మెట్లు దిగుతుంటే వెనక నుంచి కాలరు పట్టుకుని, ఇదా ఆమె చేయాల్సిన పని? వెళ్ళాలి. ఆమె వెళ్ళి తీరాలి. ఈ మాట అతను ఎన్నిసార్లు అనుకున్నాడో, అన్నిసార్లూ దాని వెనకే ఇంకో మాట వస్తుంది, సిగ్గుమాలిన మాట, ఎవరికీ చెప్పుకోలేనిది: ఓడిపోతే ఉండిపోతుంది కదా. ఒక చిన్న బొబ్బ చాలు. పొడుగాటి మధ్యాహ్నాలు, రేడియో, ఆమె పక్కన కూర్చుని చిక్కుడుకాయలు వలవడం. ఇదేం బుద్ధిరా నీకు అని తనని తనే తిట్టుకుని, రొయ్యల తొక్కలు చెత్తబుట్టలోకి తోశాడు. సగం నేల మీద పడ్డాయి.

సాస్ ముందే కలిపి పెట్టుకోవాలి, మంట మీద ఉన్నప్పుడు ఒంటిచేత్తో సీసాల మూతలు తియ్యడం అయ్యే పని కాదు. సీసాని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని కుడిచేత్తో తిప్పాడు. సోయా సాస్ మూత వచ్చింది, ఆయిస్టర్ సాస్ మూత రానంది. మూతి బిగించి, పళ్ళు బిగించి తిప్పితే అదీ వచ్చింది, కొంచెం లుంగీ మీద ఒలికింది, పోనీ. కాస్త కెచప్, చిటికెడు పంచదార, మిరియాల పొడి. వేలితో నాకి చూశాడు. ఇంకొంచెం పులుపు తగలాలి. ఈ వంట నేర్పిన జపానాయన అయితే కళ్ళు మూసుకుని నాకేవాడు, నాకి, తల ఒకసారి ఇటూ ఒకసారి అటూ వంచి, ఊహూ అనేవాడు. కొత్త కుట్టుమిషన్లు బిగించడానికి వాళ్ళ కంపెనీ పంపిన మెకానిక్ ఆయన, వర్క్‌షాపులోనే గది ఇచ్చారు, ఆయన మాట వీళ్ళకి రాదు, వీళ్ళ మాట ఆయనకి రాదు. మొదటి వారమంతా క్యాంటీన్‌లో పెట్టింది పెట్టినట్టు తిని, ఒకరోజు లేచి వెళ్ళి వంటవాడి చేతిలోంచి అట్లకాడ లాక్కున్నాడు. వంటవాడు ఒంటికాలి మీద లేచాడు. మాస్టారు మధ్యలోకి వెళ్ళి సర్దిచెప్పాడు, అలా స్నేహం. పెద్ద ఇనప పెనం మీద క్యాబేజీ, నూడుల్స్, ఎక్కణ్ణించో తెప్పించుకున్న స్క్విడ్. చూసి నేర్చుకోవడమే, చెప్పడం లేదు. నూడుల్స్ పెనం మీద వేశాక మాస్టారు కలపబోతే ఆయన చేతి మీద చిన్నగా కొట్టాడు. ఆగు, అని కాబోలు. కలపకూడదు, అలా వదిలెయ్యాలి, అడుగున ఎర్రబడేదాకా వదిలెయ్యాలి. గుడ్డ కత్తిరించేవాడికి ఆగడం తెలుసు, కత్తెర పెట్టేముందు అందరూ ఆగుతారు, కానీ పెట్టాక ఆగడం అతనికి అప్పుడే తెలిసింది. మిషన్లు బిగించడం అయిపోయింది, ఆయన వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు మాస్టారి కత్తెరని రెండు చేతులతో పట్టుకుని, తల వంచి తిరిగి ఇచ్చాడు, దండం పెట్టినట్టు. ఇప్పుడు ఎక్కడున్నాడో. ఉన్నాడో లేదో.

నీళ్ళు మరుగుతున్నాయి. ఇదే గండం. మరిగే నీళ్ళగిన్నెని రెండు చేతులా ఎత్తి సింకులో వంపాలి, ఎవరైనా అలాగే చేస్తారు, తను చెయ్యలేడు, అల్లుడుగారు మధ్యలో వదిలేస్తే కాళ్ళు ఉడుకుతాయి. దీని గురించి ఎంతో ఆలోచించాడు, మంచంమీద వెల్లకిలా పడుకుని, ఫ్యాను వంక చూస్తూ, వర్క్‌షాపులో తక్కువ గుడ్డలో ఎక్కువ చొక్కాలు ఎలా ఇరికించాలా అని ఆలోచించినట్టే. గిన్నెని ఎత్తనే ఎత్తకూడదు. చిల్లుల గిన్నె పక్కనే పెట్టి, పటకారుతో నూడుల్స్‌నే పైకి తియ్యాలి, కొంచెం కొంచెంగా, నీళ్ళు ఎక్కడివి అక్కడే చల్లారనీ. అలాగే తీశాడు. పొగలు కక్కుతూ, జారుతూ, ఒకటి రెండు పోగులు పొయ్యి పక్కన పడ్డాయి, మిగతావన్నీ బుద్ధిగా వచ్చి చిల్లుల గిన్నెలో కూర్చున్నాయి. కొళాయి తిప్పి చన్నీళ్ళు పోశాడు, నూనె చుక్క వేసి వేళ్ళతో విడదీశాడు. చూశావా, అన్నాడు గట్టిగా, హాలు వినేలాగా, గిన్నె ఎత్తకుండానే వార్చేశాను, నీకెప్పుడైనా తట్టిందా ఈ ఉపాయం? రేడియోలో ఎవరో నవ్వారు. ఆమె నవ్వలేదు. పట్టుదల మనిషి, నోటికి తాళం వేసిందంటే వేసిందే. ఒకసారి వానలో బండి ఆగిపోతే, ప్రయాణికులంతా తిట్టిపోస్తుంటే, ఒక్క మాట అనకుండా తడుస్తూ చక్రం మార్చిందిట. తర్వాత ఇంటికొచ్చి మాత్రం అందరినీ పేరుపేరునా తిట్టింది.

బాణలి మీది మూత తియ్యబోయాడు, మోచెయ్యి తగిలి అది కాస్తా కిందపడింది. స్టీలు మూత, గచ్చు నేల. గింగిరాలు తిరుగుతూ, ఆగినట్టే ఆగి మళ్ళీ మోగుతూ, ఊరంతా వినేంత గోల. మాస్టారు ఊపిరి బిగపట్టి గుమ్మం వైపు చూశాడు. ఇప్పుడు వస్తుంది. ఒట్టూ లేదు గిట్టూ లేదు, పరిగెత్తుకు వస్తుంది. రాలేదు. మూత మోత ఆగాక రేడియో ఒక్కటే. ముందు మెచ్చుకున్నాడు, శభాష్, మాట మీద నిలబడింది. తర్వాత కొంచెం మనసు చివుక్కుమంది. బతికున్నావా అని ఒక్క మాట అడిగితే ఏం పోయింది? ఆ మూత నా కాలి మీద పడి ఉంటే? గాలికి వదిలేసిందా మొగుణ్ణి? మళ్ళీ నవ్వొచ్చింది. రాలేదని గర్వం, అడగలేదని కోపం, రెండూ ఒకేసారి పడే మనిషి తనొక్కడే అయి ఉంటాడు. పాపం, అక్కడ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని, గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుని ఉంటుంది. కానిచ్చేద్దాం త్వరగా.

పెద్ద మంట. బాణలి పొగ వచ్చేదాకా కాలాలి. నూనె, వెల్లుల్లి, వెంటనే రొయ్యలు, స్క్విడ్. చర్రుమంది వంటిల్లంతా. ఆ చప్పుడు వింటే చాలు ప్రాణం లేచి వస్తుంది. గీతలు పెట్టిన స్క్విడ్ ముక్కలు వేడి తగలగానే ముడుచుకుని గుండ్రంగా చుట్టుకున్నాయి, గీతలన్నీ విచ్చుకున్నాయి, రొయ్యలు తెల్లబోయి ఎర్రబడ్డాయి. అంతే, తీసెయ్యాలి, ఇంకొంచెం ఉంచితే రబ్బరు. పళ్ళెంలోకి తీసేశాడు. ఖాళీ బాణలిలో క్యాబేజీ, క్యారెట్, ఉల్లికాడల తెల్లభాగం. కుడిచేత్తో కలపడం, కళ్ళతో ఎడమచేతిని కాపలా కాయడం, అదిగో ఉంది, గట్టు మీద, దూరంగా, బుద్ధిమంతుడు. నూడుల్స్ వేసి పరిచాడు. ఇక కలపకూడదు. అట్లకాడ పక్కన పెట్టి నిలబడ్డాడు. ఆ రోజు కూడా ఇలాగే నిలబడి ఉన్నాడు, కటింగ్ టేబులు ముందు, పొరలు పొరలుగా పరిచిన గుడ్డ మీద సుద్దగీత వెంట కత్తెర పోనిస్తూ. గీత తిన్నగానే ఉంది, కత్తెర తిన్నగానే పోతోంది, కానీ గుడ్డ పక్కకి లాగుతోంది, ఎవర్రా గుడ్డ లాగుతోంది అని అరిచాడు, అరుద్దామనుకున్నాడు, నోట్లోంచి మాట ముద్దగా వచ్చింది. గుడ్డని పట్టుకోవాల్సిన చెయ్యి ఎప్పుడు వదిలేసిందో తనకి తెలియలేదు. పడిపోయాక కూడా కత్తెర కుడిచేతిలోనే ఉందిట. అది పట్టుకునే అంబులెన్సు ఎక్కాడట. భార్య ఆసుపత్రికి డ్యూటీ చొక్కాతోనే వచ్చింది, వచ్చి, ముందు కత్తెర విడిపించింది వేళ్ళలోంచి, ఒక్కో వేలూ విప్పుతూ. ఆ చొక్కా మళ్ళీ వేసుకోలేదు.

కాగితం వాసన. కాగితం కాలిన వాసన. నూడుల్స్ ఎర్రబడుతున్న వాసన ఉంది, వెల్లుల్లి ఉంది, వాటి మధ్య సన్నగా ఇంకొకటి. వంటింట్లో కాగితం ఎక్కడుంది? లేదు. కాగితం కాదు, నూలు. నూలుగుడ్డ కాలితే కాగితం వాసన, పాలిస్టరయితే ప్లాస్టిక్ వాసన, ఉన్ని అయితే జుట్టు వాసన. కొత్త తాను వస్తే దారం లాగి అగ్గిపుల్ల వెలిగించి వాసన చూసి చెప్పడం అతని రోజువారీ పని. నూలు. ఇంట్లో నూలు ఏది? తన చొక్కా. మాస్టారు కిందికి చూశాడు. అల్లుడుగారు గట్టు మీద ఉన్నవాడు ఉన్నట్టే మెల్లగా జారి పొయ్యి పక్కకి వచ్చాడు, చొక్కా చెయ్యి అంచు మంటకి ఆనుకుని, నల్లగా, చివర్న ఎర్రగా రగులుతోంది. అరవాలి. నోరు తెరిచాడు. అరుస్తే చాలు, ఆమె వచ్చేస్తుంది, అంతా అయిపోతుంది, రేపు లేదు, డిపో లేదు, ఇక ఎప్పటికీ ఈ భయం లేదు. తెరిచిన నోరు తెరిచే ఉంది. కుడిచెయ్యి మాత్రం ఆగలేదు, పొయ్యి కట్టేసింది, ఎడమ మణికట్టు పట్టుకుంది, కొళాయి కింద పెట్టింది, నీళ్ళు వదిలింది. బుస్సుమని చిన్న పొగ. అంతే. తడిసిన చేతిని వెలుతురులోకి తిప్పి అటూ ఇటూ చూశాడు, దగ్గరగా, సూదిలోకి దారం ఎక్కించేటప్పుడు చూసినట్టు. చర్మం బాగానే ఉంది. బొబ్బ లేదు, ఎరుపు కూడా లేదు. చొక్కా అంచు మాత్రం నల్లగా కొరుక్కుపోయింది. మడిచేస్తే కనబడదు, రెండు మడతలు, బట్టలు కత్తిరించేవాడికి లోపం దాచడం ఎంతసేపు? మడవబోయాడు. మడిస్తే ఆమె వెళ్తుంది, కానీ అబద్ధాన్ని నమ్ముకుని వెళ్తుంది. మడవలేదు. ఏమైతే అదవుతుంది, అలాగే కనిపించనీ.

పొయ్యి మళ్ళీ వెలిగించాడు, ఎడమచేతిని ఈసారి నడుముకి గుడ్డతో చుట్టి, కొస లుంగీలో దోపుకుని. నూడుల్స్ అడుగున అక్కడక్కడా కరకరలాడేలా ఎర్రబడ్డాయి, ఆ జపానాయన ఉంటే ఊహూ అనేవాడు కాదు. రొయ్యలూ స్క్విడ్డూ తిరిగి వేసి, సాస్ అంచుల వెంట పోశాడు, బుడగలు, తియ్యటి ఉప్పటి వాసన, పైన ఉల్లికాడల ఆకులు. మంట కట్టేశాడు, కట్టేశానా అని వంగి చూశాడు. రెండు పళ్ళేలు, వెనిగర్‌లో నానిన అల్లం ముక్కలు పక్కన. ఒకటే చెయ్యి కాబట్టి ఒక్కో పళ్ళెమే. మొదటిది పట్టుకుని, మోకాలితో తలుపు తోసి, వడ్డించుకోండి డ్రైవరమ్మగారూ అంటూ హాల్లోకి వచ్చాడు.

కుర్చీ ఖాళీ. రేడియో దానికే చెబుతోంది, కుండీలో నీళ్ళు నిలవకూడదట. పళ్ళెం బల్ల మీద పెట్టాడు. బాత్రూము తలుపు తీసే ఉంది. పడగ్గదిలో లేదు. బాల్కనీలో లేదు. గుమ్మం దగ్గర ఆమె చెప్పులు లేవు. మాస్టారు గోడ పట్టుకుని నిలబడ్డాడు. ఎప్పటినుంచి? ఇంతసేపూ తను మాట్లాడింది ఎవరితో? మూత పడినప్పుడు, చొక్కా అంటుకున్నప్పుడు, నోరు తెరిచి అరవబోయినప్పుడు, ఆ అరుపు వినడానికి ఇంట్లో ఎవరూ లేరు. భయం ఇప్పుడు వేసింది, ఆలస్యంగా. వెళ్ళి ఆమె కుర్చీలో కూర్చున్నాడు. కాసేపటికి లేచి రెండో పళ్ళెం కూడా తెచ్చిపెట్టాడు.

మెట్ల మీద చెప్పుల చప్పుడు, గబగబా. తలుపు తెరుచుకుంది. ఆమె మొహమంతా చెమట, జుట్టు రేగి ఉంది. ముందు అతన్ని చూసింది, తర్వాత పళ్ళేలు, తర్వాత మళ్ళీ అతన్ని.

"ఎక్కడికెళ్ళావ్?" అన్నాడు.

"చివరి స్టాపు దాకా. బస్సెక్కి." తలుపుకి ఆనుకుని ఊపిరి తీసుకుంది. "ఆ కొత్త డ్రైవరు మలుపులో బ్రేకు తొక్కాడు చూడూ, పేగులు నోట్లోకొచ్చాయి."

"ఎప్పుడు వెళ్ళావ్?"

"నువ్వు స్క్విడ్‌ని బతిమాలి కోసుకుంటున్నావే, అప్పుడే. ఇక్కడ కూర్చుంటే లోపలికి వచ్చేస్తానని తెలుసు. రేపు బండి మీదుంటే మధ్యలో దిగి రాలేనుగా. అందుకని ఎక్కి కూర్చున్నా. రెండో స్టాపులోనే దిగిపోదామని లేచాను." ఆమె వంగి చెప్పులు విడిచింది. "మళ్ళీ కూర్చున్నా."

"అయితే మూత పడటం నీకు వినబడలేదన్నమాట."

"ఏ మూత?"

ఆమె దగ్గరికి వచ్చింది, నడుముకి కట్టిన గుడ్డ చూసింది, దాన్ని విప్పి ఎడమచేతిని బయటికి తీసింది. నల్లబడిన చొక్కా అంచు ఆమె వేళ్ళకి మసి అంటించింది. అరచెయ్యి తిరగేసి, వేళ్ళు ఒక్కొక్కటీ విప్పి చూసింది, మణికట్టు, మోచెయ్యి. చాలాసేపు చూసింది.

"ఎలా తెలిసింది?"

"నూలు వాసన వచ్చింది."

"ఎవరు ఆర్పారు?"

"నేనే," అన్నాడు మాస్టారు. "నువ్వు లేవుగా."

ఆమె చెయ్యి వదల్లేదు. అలాగే పట్టుకుని బల్ల దగ్గర కూర్చుంది, ఇంకో చేత్తో నూడుల్స్ ఫోర్కుకి చుట్టుకుని నోట్లో పెట్టుకుంది. నమిలింది. కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ ఇంకో ముద్ద, స్క్విడ్ ముక్కతో సహా.

"స్టవ్ దగ్గరికి పొట్టి చేతుల చొక్కాతోనే వెళ్ళాలి," అంది నోరు నిండా పెట్టుకుని. "రేపట్నుంచి."

"ఎప్పట్నుంచి?" అన్నాడు మాస్టారు, వినబడనట్టు.

"రేపట్నుంచి అన్నానా," అంది ఆమె.